నడివాకిట్లో పడవ

ఈ సంగతిని రాసిపెట్టవలసిన అవసరం ఒక్కటే. మా ఇంట్లో పిల్లలు దీన్ని నవ్వులాటకు చెప్పుకుంటున్నారు; చెప్పిన ప్రతిసారీ వరుస మారిపోతున్నది. జరిగినదాన్ని జరిగిన క్రమంలో ఉంచడం నా అలవాటు.

రెండు ప్రాంతాలు కలిసి ఒకే రాష్ట్రమైన తరువాతి వేసవి అది. నీటిపారుదల కార్యాలయంలో నేను నక్షాలు గీసేవాణ్ణి. బెజవాడ దిగువన కాలువలకు నీళ్ళు కట్టేసేలోపు, ఒక సన్నని పడవలోనే కాపురముండి ప్రయాణిస్తూ, గట్లనూ లాకులనూ కొలిచి రమ్మని నాకు ఉత్తరువు వచ్చింది. భార్యను వెంట తీసుకొని పోవచ్చునన్నారు. ఇరుకు భరించలేక నడుమ దిగిపోతామంటే మాత్రం కుదరదన్నారు.

"నీళ్ళంటే నల్లా కాడ చూసుడే నాకు. నన్ను ఇడిసిపెట్టి పోకుండ్రి" అన్నది నా భార్య. చార్మినార్ వెనుక గల్లీలోని మా ఇంటికి కోడలిగా వచ్చిన తరువాత ఆమె ఊరు దాటింది లేదు.

నేను మాట ఇవ్వలేదు. పరీక్షించి చూద్దామన్నాను. పడవ నక్షా ప్రకారం నడివాకిట్లో బండల మీద సున్నంతో గది గీశాను. దాని వెడల్పు ఒక మంచానికి, పక్కన ఒక మనిషి మసలడానికి సరిపోయేంత. ఒక చివర చెక్కపలక వేశాను. ఒడ్డుకు దారి అదే. బయలుదేరేదాకా ఇద్దరమూ ఆ గీతల్లోనే వండుకొని, తిని, పడుకోవాలి. పని పడితే పలక మీదుగానే దిగాలి. గీత దాటితే నీళ్ళలో పడినట్లే. పడినవారు ఇంట్లో ఉండిపోవాలి.

మా అమ్మ నల్లా దగ్గరికి పోవాలన్నా పడవ చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. "నడింట్ల గిదేం లొల్లి బిడ్డా" అని గొణిగేది గాని, గీత తొక్కలేదు. పక్కింటి గాజుల వ్యాపారి రోజూ తలుపులోంచి తొంగిచూసి, "క్యా సాబ్, బెజవాడ ఇంకెంత దూరముంది?" అని అడిగేవాడు.

నా భార్య ఆ గీతల్లో కుదురుకున్నది. స్టవ్వుకు ఒక మూల, బిందెకు ఒక మూల. జొన్నపిండి, పల్లీల పొడి పెట్టె మీద. కుదురు లేనిది నాకే. సర్దిన పెట్టెను మళ్ళీ విప్పి సర్దేవాణ్ణి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మోకాలు మంచానికి తగిలేది. పైన గుడ్డపందిరి ఉన్నా బండలు సెగలు కక్కేవి. గీత అవతల వాకిలంతా ఖాళీగా కనబడుతుంటే ఊపిరాడేది కాదు. ఆమె రాకుంటే కొంత చోటు మిగులుతుంది కదా అని కూడా తోచింది.

ఒక మధ్యాహ్నం దండెం మీది తువ్వాలు కోసం లేచి, పలక దాకా పోకుండా అడ్డంగా అడుగు వేశాను.

"నీళ్ళల్ల పడ్డరు" అన్నది ఆమె, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే.

"తువ్వాల కోసం లేచిన."

"ఈతొస్తదా మరి?"

వంటింటి గడపలో కూర్చున్న అమ్మ నవ్వింది. "షరతు పెట్టింది నువ్వే కద బిడ్డా. ఇగ పిల్లను పంపి నువ్వు ఇంట్ల కూసో. గా కొలిచేదేదో అదే కొలుస్తది."

నిజమైన పడవలో అడుగు వేయడానికి ఈ వాకిలి కూడా ఉండదన్న భయం అప్పుడు నన్ను పట్టుకున్నది. నా భార్య లేచి మంచాన్ని గీతకు ఆనించి జరిపింది. పెట్టెను దాని కిందికి తోసింది.

"అడ్డం లేకుంటే పొడుగున్నది. అటిటు తిరుగుండ్రి. నేను మంచం మీద కూసుంట."

తిరిగాను. పొద్దుగూకేదాకా తిరిగాను. మరునాడు నాంపల్లి స్టేషనులో రెండు టిక్కెట్లు కొన్నాను.

ఆ కాలువల మీద కాపురమున్న పెద్దలు ఇంకా ఉన్నారు. గది కొలతలో, అక్కడి పద్ధతుల్లో నేను పొరబడి ఉండవచ్చు. గీత మొదట దాటిందెవరన్న విషయంలో మాత్రం పొరపాటు లేదు. అప్పుడు తాను ఏరుతున్నది బియ్యం కాదు, కందిపప్పని నా భార్య ఇప్పటికే ఒక తప్పు చూపింది. మిగిలినవి పాఠకులు చూపి దిద్దాలని కోరుతున్నాను.