మా అన్న చూసిన మేకలు

రావల్కోల్ పశువుల దవాఖానాలో సహాయకురాలిగా చేరి చాలా ఏళ్లయింది. సూదులు వేయడం, ఈత కష్టమైతే సాయపడటం, డొక్క తట్టి అజీర్తి కనిపెట్టడం నా పని. నాయిన పోయాక నన్ను చదివించి ఈ ఉద్యోగం దాకా తెచ్చింది మా అన్నే. ఆయన ఏ పని చెప్పినా ఎందుకని అడిగేదాన్ని కాదు.

ఊరి చివర ఒక అవ్వ తొమ్మిది మేకలతో ఒంటరిగా ఉండేది. వాటికి సూదులు వేసేది నేనే. అన్న వేస్తున్న ఇళ్ల ప్లాట్ల వెంచర్‌కు రోడ్డు ఆమె బీడు మీదుగా పోవాలి. ఆమె ఇవ్వనంది. "నీ మాటంటే ఆమెకు గురి. ఒక్కసారి నాతోని మాట్లాడమని చెప్పరాదూ," అన్నాడు అన్న. వెళ్లి చెప్పాను.

"మా అన్న జబర్దస్తీ చేసేటోడు కాదవ్వా."

ఆమె మేకపిల్ల చెవిలో పిడుదులు ఏరుతూ, "నువ్వు జెప్తున్నవ్ గద బిడ్డా, రమ్మను," అంది.

రెండు రోజులకు, పొద్దుగూకే వేళ పాల కోసం వెళ్లిన ఒకామెకు అవ్వ తన బావిలో శవమై కనిపించింది. బావిలో నీళ్లు మోకాటి లోతు కూడా లేవు. ఊరంతా పోగైంది. అన్న కూడా వచ్చాడు.

"నాలుగింటికి షామీర్‌పేట పెండ్లి నుంచి వస్తుంటే జూసిన. బీడుల మేకలు మేపుతుండె. అటెన్క నీళ్లు తోడవోయి జారినట్టుంది పాపం," అన్నాడు. పోలీసులకూ అదే చెప్పాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

దొడ్డిలో మేకలు గొంతులు బొంగురుపోయేలా అరుస్తున్నాయి. చూద్దామని వెళ్లి, అలవాటుగా ఒకదాని ఎడమ డొక్క మీద చెయ్యేశాను. మేసి వచ్చిన మేకకు ఆ పక్క బిగుతుగా ఉబ్బి ఉంటుంది. దీనికి గుంట పడింది. తొమ్మిదింటినీ తడిమాను. అన్నీ అంతే. సుబాబుల్ కొమ్మలు నరికి వేస్తే ఒకదాని మీదొకటి పడ్డాయి. ఆ రోజు అవి దొడ్డి దాటలేదు.

మరి అన్న చూసినవి ఎవరి మేకలు? పొరబడి ఉంటాడనుకున్నాను. అలాగే కావాలని గట్టిగా కోరుకున్నాను.

పొద్దున్నే ఆయనింటికి వెళ్లాను. వరండాలో చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, నిన్న నువ్వు జూసింది అవ్వ మేకలనేనా?"

"ఆమెవే. ఆమె గూడ పక్కకే ఉండె."

"వాటి డొక్కల గడ్డిపోచ గూడ లేదన్నా. నిన్న అవి బయటికే పోలె."

కప్పు కింద పెట్టాడు.

"పెండ్లికి పోయే ముంగట మాట్లాడనీకి పోయిన. బాయి కాడ ఉండె. మాట మాట పెరిగింది. నూకిన. పడ్తదనుకోలె."

"పడ్డంక బతికుండెనా?"

"పిలిచింది."

"నిన్నా?"

"నిన్ను," అన్నాడు.

బావిలో పడి ఆమె నా పేరు పెట్టి పిలుస్తుంటే, అన్న బండెక్కి పెళ్లి భోజనానికి వెళ్లాడు.

"నువ్వు నోరు దెర్వకుంటే ఎవ్వరికి తెల్వది. నిన్ను సాదింది ఎవరు చెప్పు?"

స్కూటీ మీద మేడ్చల్ స్టేషన్‌కు వెళ్లి, డొక్కల సంగతి నుంచి చివరి మాట దాకా రాసిచ్చాను. పోలీసులు గట్టిగా అడిగేసరికి ఆయన ఒప్పుకున్నాడు. వదిన ఆ రోజు నుంచీ నా ముఖం చూడలేదు. "తోడబుట్టినోన్ని పట్టిచ్చింది," అని ఊళ్లో నా వెనకే అంటారు, తమ బర్రెకు సూది వేయించుకుని ఇంటికి పోతూ.

కోర్టులో అన్న ఒక్కసారి ఎదురుపడ్డాడు. ద్రోహం చేసింది నేనేనన్నట్టు చూశాడు. నేను మాత్రం ఒకటే అడగాలనుకున్నాను: నీతో మాట్లాడమని ఆమెకు చెప్పడానికి నన్నెందుకు పంపావని. అంతలోనే పోలీసులు ఆయన్ను తీసుకుపోయారు.