చెల్లెలు మోసుకొచ్చిన పలకరింపులు

ఫోనుకు అల్లిక గుడ్డ తొడగడం ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళను ఒక్కరోజు మా ఇంట్లో కూర్చోబెట్టి ఫోను ఎత్తించాలి. మా పెద్దకోడలు దానికి కుచ్చులు కూడా పెట్టింది. రిసీవరు ఎత్తితే గుడ్డ వెంట లేచొస్తుంది. గుడ్డను లాగితే ఫోను కిందపడుతుంది. ఆ రోజు పొద్దున కూడా దాంతో కుస్తీ పడుతూ "ఉండప్పా, ఉండు" అని అరుస్తున్నాను. అవతల ధర్మవరం నుంచి మా బావ, చెల్లెలి మొగుడు.

"మీ చెల్లెలు పోయింది బావా" అన్నాడు.

కుచ్చు నా వేలికి చుట్టుకునే ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేను బడికి పోయింది తక్కువ, అలాంటి మర్యాదలు నాకు సరిగా రావు. మా చెల్లెలు మంచిది. అయితే నన్ను మోసం చేసింది. రెండూ రాస్తాను.

ఇంట్లో అందరికన్నా చిన్నది. చిన్నప్పుడు పెనుకొండలో దాన్ని ఏడిపించడమే నాకు పని. చింతగింజ మింగితే చెవుల్లోంచి చెట్టు మొలుస్తుందని చెబితే, పొద్దున లేవగానే చెవులు తడుముకునేది. తర్వాత ధర్మవరం మగ్గం ఇంటికి కోడలై పోయింది. ఆ ఇంట్లో చిన్న గుడ్డముక్క కనిపించినా పారేయనిచ్చేది కాదు, పసిపిల్లల జుబ్బాకు సరిపోతుందనేది. అప్పటికింకా పిల్లలు లేని మనిషి జుబ్బాలు కుట్టి దాచుకుంటుంటే చూడలేక నేను ఇంకో ఎగతాళి చేసేవాణ్ణి.

తొంభైల్లో ఒకసారి హిందూపురం ఆసుపత్రిలో పరీక్ష చేస్తే, గర్భసంచి మూతి దగ్గర చెడు మొదలవుతోంది, వదిలేస్తే క్యాన్సరవుతుందన్నారు. చిన్న ముక్క కోసి తీసేశారు. గండం గడిచిందనుకున్నాం. ఆ పుండు మానుతూ మానుతూ ముడుచుకుపోయి దారి మూసేసింది. నెలనెలా రావాల్సింది రాలేదు. వాళ్ళ అత్త నెల తప్పిందనుకుని పాయసం వండి వీధిలో పంచింది. వారం తిరక్కుండానే ఈమె కడుపు పట్టుకుని నేల మీద దొర్లింది. లోపలి రక్తం బయటికి రాలేక నిలిచిపోయిందట. డాక్టరమ్మ దారి తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ తెరిచింది. బావ మగ్గం దిగలేడు కాబట్టి ప్రతిసారీ ప్యాసింజరు రైల్లో తోడు పోయింది నేనే.

ఆఖరికి డాక్టరమ్మ కొత్త పద్ధతి చెప్పింది. "పచ్చి పుండు రెండు పక్కలా అతుక్కుంటాండాది పెద్దాయనా. మధ్యలో ఒక పొర పెడితే అతుక్కోకుండా మానుతుంది."

"దోసె అంటుకోకుండా పెనానికి నూనె పూసినట్లా తల్లీ?"

"అట్లే అనుకో" అని నవ్వింది.

ఆ పొర ఏమిటో తెలుసా? కడుపులో బిడ్డ ఉండే ఉమ్మనీటి సంచి లోపలి పొర. ఆపరేషనుతో కాన్పయిన ఒక తల్లి ఇష్టపడి ఇచ్చిందట. ఆమెకు రక్తపరీక్షలన్నీ చేసి మరీ తీసుకున్నారట. ఉల్లిపొర కన్నా పల్చన. దాన్ని సన్న గొట్టానికి చుట్టి లోపల పెట్టి, కొన్నాళ్ళకు గొట్టం తీసేశారు. పొర తనంతట తానే కరిగిపోతుందన్నారు.

మంచం మీదున్న మనిషిని నవ్వించాలి కదా. "ఎవురి బిడ్డ ఇంటినో తెచ్చి నీలో పెట్టినారు మ్మే. రేపు ఆ బిడ్డ వచ్చి బాడిగ అడుగుతాది చూడు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఎవురి బిడ్డన్నా? ఆడబిడ్డా, మగబిడ్డా?"

"చెప్పరంట లేమ్మే."

"ఆ బిడ్డది నా దగ్గర ఉండాది. దానికేమీ కాకూడదు."

మా వైపు కాన్పు తర్వాత మాయను జాగ్రత్తగా పూడ్చిపెడతారు. ఎవరి చేతా పడనివ్వరు. పడితే బిడ్డకు కీడని భయం. ఆ భయం ఆమెకు పట్టుకుంది.

దారి ఈసారి మూసుకోలేదు. ముట్టయినందుకు వీధిలో బెల్లం పంచిన ఆడమనిషిని నా జన్మలో ఆమెనొక్కదాన్నే చూశాను. తర్వాత కొడుకు పుట్టాడు. పంపించేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, చెడు మళ్ళీ రావచ్చు, ఏటా వచ్చి చూపించుకోవాల్సిందేనని. చెల్లెలు నా ముందే మాటిచ్చింది.

ఏటా పోయింది కూడా. "చిన్నపిల్లనా? నువ్వెందుకులేన్నా" అని ఒక్కతే పోయేది. వచ్చేటప్పుడు పెనుకొండలో దిగి మా ఇంటికొచ్చేది. మోచేతి దగ్గర దూది, దాని మీద ప్లాస్టరు.

"ఏమన్నారు మ్మే?"

"అంతా బాగుండాదంట. డాక్టరమ్మ నిన్ను అడిగింది. ఆ ఎగతాళి పెద్దాయన యాడ, కనపడ్లేదే అనింది."

కాఫీ తాగుతూ ఆ మాట ఇంటిల్లిపాదికీ వినిపించేవాణ్ణి. హిందూపురంలో నన్ను గుర్తుపెట్టుకునే డాక్టరు ఒకరున్నారని గొప్ప.

పోయినేడు ఆమెకు ఆగకుండా రక్తం పోతోందని కబురొచ్చింది. నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. వరండాలోనే ఆయా ఎదురొచ్చింది. "ఏమ్మా, ఈసారి జుబ్బాలు తేలేదా?" అంది నవ్వుతూ. నాకర్థం కాలేదు. "ఏటా వస్తాది కదప్పా. కాన్పుల వార్డులో పిల్లోళ్ళకు జుబ్బాలిచ్చి పోతాది. యాడ దొరికిందబ్బా ఇట్లాంటి మనిషి మీకు!"

లోపల అదే డాక్టరమ్మ, జుట్టు నెరిసింది. పరీక్ష చేసి చేతులు కడుక్కుంది. "కొడుకు పుట్టినాక ఒక్కసారి కూడా రాకపోతే ఎట్లమ్మా? మొదట్లోనే వచ్చింటే తీసేసేదాన్ని" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీరు ఈమెకు ఏమవుతారు?" అని అడిగింది.

నా ముఖం ఆమెకు గుర్తే లేదు. ఏ ఏడూ నన్ను అడగలేదు. ఆ పలకరింపులన్నీ మా చెల్లెలు రైల్లో కూర్చుని అల్లినవి. ఆ ప్లాస్టరు కూడా స్టేషను ముందు మందులషాపులో కొని అంటించుకున్నదే. నా నోరు మూయించడానికి ఏం కావాలో దానికి బాగా తెలుసు.

వార్డులో మంచం పక్కన కూర్చుని అడిగాను. "నన్నే మోసం చేస్తివి కదమ్మే."

"గుచ్చుతారన్నా. కెలికితే మళ్ళీ మూసుకుంటాదని భయం. పరీక్ష చేసే రూము దాకా పోయేదాన్ని. కాళ్ళు వార్డు వైపు తిరిగేవి."

"నాకు చెప్పింటే ఈడ్చుకుపోయేవాణ్ణి."

"అందుకే చెప్పలే."

అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మీరే చెప్పండి, పొర ఇచ్చిన బిడ్డ ఎవరో తెలియక దొరికిన ప్రతి బిడ్డకూ జుబ్బా తొడిగిన మనిషి, సొంత కొడుకు మీసాలు చూడకుండా పోవడం ఏం న్యాయం? వార్డుకూ ఆ రూముకూ మధ్య ఒక్క గోడ. ఇప్పటికీ కోపం తగ్గలేదు. తిడదామంటే ఎదురుగా లేదు.

నెల మాసికం అయ్యాక ఒక పని చేశాను. దాన్ని తుంటరి పనే అనాలి. నా పెళ్ళాన్ని, కూతుర్ని, కోడళ్ళిద్దరినీ పిలిచి ధర్మవరంలో పట్టుచీరలు ఇప్పిస్తానన్నాను. ఎందుకని అడక్కుండానే తయారయ్యారు. జీపు డ్రైవరుకు ముందే చెప్పిపెట్టాను. పెనుకొండ దాటి సోమందేపల్లి వస్తున్నా ఎవరికీ పట్టలేదు, అంచుల గురించే మాటలు. హిందూపురం బోర్డు కనపడగానే పెద్దకోడలు అరిచింది.

"మామా, యాడికి పోతాండాం?"

"అడ్డదారమ్మా."

ఆసుపత్రి ముందు దించి, నలుగురూ గర్భసంచి పరీక్ష చేయించుకోవాల్సిందేనన్నాక నా పెళ్ళాం తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పూలు పెట్టుకుని, మంచి చీరల్లో నలుగురూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. ఒక్కరూ నా ముఖం చూడలేదు. పక్కనున్నామె "పెండ్లికి వచ్చినారా?" అని అడిగింది. నర్సు పేరు పిలవగానే పెద్దకోడలు లేచి, తన సంచీ నా ఒళ్ళో విసిరేసి లోపలికి పోయింది. తర్వాత కూతురు. తర్వాత చిన్నకోడలు. ఆఖరుకు ముసిలిది కూడా.

నేను కుర్చీని ఈడ్చి వరండా గుమ్మానికి అడ్డంగా వేసుకుని, నాలుగు సంచులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయటికి పోవాలంటే నన్ను దాటాలి.