కరెంటు నరం

ఈ ఉదయం బీరువా తలుపు అంచుకు మోచెయ్యి తగిలింది. లోపలి వైపు గుంటలో సరిగ్గా తగిలితే ఏమవుతుందో మీకు తెలిసిందే; చిటికెన వేలి కొస దాకా జివ్వుమంటుంది. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. "కరెంటు నరం" అనేశాను పైకే. ఆ మాట మా పెదనాయనది.

పెదనాయనది మార్కాపురంలో పలకల పని. ఎడమచేత్తో ఉలి పట్టి, కుడిచేత్తో సుత్తితో తట్టి, రాయిని అప్పడాల్లా పొరలుగా విడదీసేవాడు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి పరీక్షలు రాసి ఇంటికొచ్చిన ఎండాకాలంలో ఆయన ఎడమచేతి చిటికెన వేలు, పక్కనున్న ఉంగరం వేలు మొద్దుబారాయి. ఉలి జారిపోతోంది. పైకి నవ్విస్తూనే ఉన్నాడు గానీ, అన్నం దగ్గర ఆ చేతిని ఒళ్లో దాచుకునేవాడు. పక్షవాతం మొదలైందని ఆయన భయం. ఉలి పట్టలేనివాడికి పలకల షెడ్డులో ఏం పని?

చిక్కంతా ఒక మాటతో వచ్చింది. మా వైపు చర్మం కింద పచ్చగా ఉబ్బి కనిపించేదీ నరమే, మెడలో పట్టేసేదీ నరమే, వేటమాంసంలో పంటికి సాగేదీ నరమే. "నరంలో నెత్తురు గడ్డకట్టినాది" అని పక్కింటివాళ్లు తేల్చారు. పెద్దమ్మ పూటకో గ్లాసు బీట్‌రూట్ రసం పట్టించింది. నాలుక ఎర్రబడింది, వేళ్లు అలాగే ఉన్నాయి.

నేను పెదనాయనను కూర్చోబెట్టి చెప్పాను. మెదడు, వెన్నుపాము కలిసి సబ్‌స్టేషన్. అక్కణ్ణించి ఒళ్లంతా పోయేవి లైన్లు; వాటిలో పోయేది నెత్తురు కాదు, కరెంటు. కొన్ని వేళ్లనుంచి కబురు పైకి మోస్తాయి, కొన్ని పైనుంచి ఆజ్ఞ కిందికి తెస్తాయి, ఇంకొన్ని మనల్ని అడక్కుండానే గుండెనూ పేగులనూ చూసుకుంటాయి. లైనులో ఉండేవి నాడీకణాలు. ఒక్కోదానికి ఒక తల, కబురు అందుకోవడానికి వేర్లలాంటి కొమ్మలు, దాన్ని ముందుకు పంపడానికి పొడవైన తోక. చాలా తోకల మీద, వైరు మీద ప్లాస్టిక్ లాగా, కొవ్వు తొడుగు. అలాంటి తోకల కట్టే అసలు నరం. ఒక కణం తోక చివర, ఇంకో కణం కొమ్మ మాత్రం ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో సందు ఉంటుంది.

"తాకకపోతే కరెంటు ఎట్ల దాటతాది రా? దొంగ కనెక్షనా?"

"అక్కడ ఒక రసం ఊరుతుంది పెదనాయనా. అవతలి కణం దాన్ని పసిగట్టి మళ్లీ కరెంటు పుట్టిస్తుంది."

ఆయన చిన్నతనం అర్ధవీడు పక్క గొర్రెల వెంట గడిచింది. "ఓ, ఈ గుట్ట మీదోడు కేకేస్తే వాగవతలోడు అందుకోని ముందుకి కేకేసినట్లు" అన్నాడు. ఆ పోలిక నా సబ్‌స్టేషన్ కంటే బాగుంది.

తర్వాత ఆయనే వేలు చూపించాడు. "ఈ ఉంగరం వేలు సగమే మొద్దుబారినాది. ఇవతల సగం బాగానే ఉండాది. ఇదేంది?"

నా ప్రాణం లేచొచ్చింది. సబ్‌స్టేషన్ పోతే ఊరంతా చీకటి కావాలి. రెండిళ్లకే కరెంటు లేదంటే ఫాల్టు ఆ లైనులోనే. మర్నాడే పెద్దమ్మతో కలిసి ముగ్గురం డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన పరీక్షలన్నీ చేసి, చివరికి మోచేతి గుంటలో వేలితో తట్టాడు. పెదనాయన కుర్చీలోంచి ఎగిరాడు.

"ఇక్కడ నరం నలుగుతోంది" అన్నాడు డాక్టరు.

"నెత్తురు నరమా, కరెంటు నరమా సార్?"

డాక్టరు నవ్వాపుకొని, "కరెంటు నరమే. పక్షవాతం కాదు. మోచెయ్యి దేనికైనా ఆనిస్తుంటావా?" అని అడిగాడు.

పెదనాయన లేదని తలూపేలోపే పెద్దమ్మ అందుకుంది. "ఎందుకు ఆనియ్యడు సార్? రాయి మీద మోచెయ్యి పెట్టి, ఫోను చెవికి పెట్టినాడంటే ఇంక దించడు. గిద్దలూరులో బిడ్డ అత్తగారింట్లో ఏం కూర వండినారో కూడా ఈయనకే ముందు తెలుస్తాది."

మందు పెద్దగా ఏమీ లేదు. మోచెయ్యి ఆనించొద్దు, మడిచి ఉంచొద్దు అన్నాడంతే. నలిగిన నరం కోలుకోవడానికి తొందరపడదు. వానలు పడ్డాక ఒకరోజు పెదనాయన పలక అంచు చిటికెన వేలితో తడిమి, "సల్లగా ఉండాది" అన్నాడు. అంతే, ఉలి తీసుకొని పనిలో కూర్చున్నాడు. ఇప్పటికీ ఫోన్ వస్తే లేచి నిలబడే మాట్లాడతాడు. చూసినవాళ్లు అవతల ఎవరో పెద్ద ఆఫీసరు అనుకుంటారు.

మోచేతి నుంచి మెదడుకు కబురు పోవడానికి రెప్పపాటైనా పట్టదు. ఈ ఉదయం ఆ రెప్పపాటులోనే నేను ఒక ఎండాకాలమంతా తిరిగొచ్చాను.