చిట్టిగాడికి ఉగ్గు పట్టిన ఎండాకాలం

నిన్న పార్శిల్ విప్పగానే హాలంతా కొత్త రబ్బరు వాసన వేసింది. మా అమ్మాయి సౌమ్య నాలుగు రోజులు ఫోన్లో చూసి చూసి తెప్పించిన సరంజామా అది. దాని కూతురికి ఆరో నెల నిండింది, ఇక అన్నం అలవాటు చెయ్యాలి. బల్లకి అతుక్కుపోయే మెత్తటి గిన్నె, వేడి ఎక్కువైతే రంగు మారే చెంచాలు రెండు, మెడకి కడితే కారినదంతా కింద జేబులో పడే రబ్బరు గుడ్డ, ముక్కల్ని ఆవిరి మీద ఉడికించి తనే మెత్తగా చేసేసే చిన్న మిషను, బెల్టులున్న ఎత్తు కుర్చీ. ఆ కుర్చీ కాళ్ళు బిగించడానికే నాకు గంట పట్టింది. సౌమ్య పొద్దున్నే బస్సెక్కి కాకినాడలో ఉద్యోగానికి పోతుంది, అల్లుడు వారానికోసారి వస్తాడు, కాబట్టి అందులో కూర్చునే మనిషికి తినిపించే పని నాది. ముందు నా తమ్ముడికి, తర్వాత నా ఇద్దరు పిల్లలకి, మధ్యలో ఆడపడుచు కొడుక్కి, ఇప్పుడు దీనికి. నా చేతులు బతుకులో సగం ఎవరో ఒకరి మూతి తుడుస్తూనే ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నాయి, విసుగూ ఉంది, దాచుకోవడమెందుకు. ఆ కొత్త చెంచా పట్టుకుని అలా కూర్చుంటే, నేను మొట్టమొదట తిండి పెట్టిన మనిషి గుర్తొచ్చాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

మా ఇల్లు అప్పుడూ యానాంలోనే, గోదారి గట్టుకి రెండు వీధుల అవతల. నాన్న ప్రభుత్వాఫీసులో బంట్రోతు. ఆ ఏడు పాండిచ్చేరికి బదిలీ చేస్తే వెళ్ళి, మూణ్ణెల్లకో నాలుగు నెల్లకో ఒకసారి వచ్చేవారు. ఇంట్లో అమ్మ, నాన్నని కన్న మామ్మ, నేను, కార్తీకంలో పుట్టిన తమ్ముడు చిట్టిగాడు. చిట్టిగాడికి ఐదు నెలలు నిండీ నిండకుండానే అమ్మకి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగడం ఎక్కడం, పథ్యం, మళ్ళీ జ్వరం. ఆ వరసలో పాలు ఆగిపోయాయి. అన్నప్రాసనకి ముహూర్తం చూసి, నాన్న వచ్చేదాకా ఆగే తీరిక లేకపోయింది. "ఆకలికి ముహూర్తమేంటే" అని మామ్మ తిరగలి దింపింది.

మామ్మ ఉగ్గు తయారుచేసే పద్ధతి నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. అడవిపొలం అనే ఊళ్ళో చుట్టాల పొలంలో పండిన పాతబియ్యం కడిగి, నీడన చాపమీద ఆరబోసి, పెసరపప్పుతో కలిపి ఇనప మూకుడులో సన్నటి సెగమీద వేయించేది. పప్పు ఎర్రబడి కమ్మటి వాసన వీధరుగు దాకా వచ్చే వేళకి చిటికెడు వాము వేసి దింపేది, చల్లారాక కాళ్ళు బారచాపి తిరగలి ముందు కూర్చుని గుప్పెడు గుప్పెడు పోస్తూ విసిరేది, ఆ పిండిని తాతయ్య పాత పంచెముక్కలో వేసి పళ్ళెం మీద దులిపితే పౌడరులాంటిది కిందికి రాలేది. నాన్న పాండిచ్చేరి నుంచి పంపిన పిల్లల పాలపిండి డబ్బా ఒకటుండేది, దానిమీద బుగ్గలు ఊరిన దొరపిల్లాడి బొమ్మ. లోపల ఉన్నది మామ్మ ఎవరికో ఇచ్చేసి, డబ్బా కడిగి ఆ ఉగ్గుపిండి అందులో పోసింది. కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక బొట్టు నెయ్యి, పాలు పోయడానికి వీలుగా మూతి దగ్గర చిన్న కొమ్మున్న వెండి ఉగ్గుగిన్నె, మూతి తుడవడానికి అమ్మ నూలు చీర చింపిన పేలికలు. సరంజామా అంటే అంతే. పట్టే మనిషి కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పిల్లాణ్ణి తల కొంచెం ఎత్తులో ఉండేలా పడుకోబెట్టుకోవాలి. కుర్చీ మన ఒళ్ళే.

ఉగ్గు ఎప్పుడూ లోపలిగదిలో, తలుపు ఓరగా వేసి పట్టేవాళ్ళం. దిష్టి తగులుతుందని ఒక కారణం. ఇంకో కారణం మార్తమ్మ.

మార్తమ్మ మా పెరటి వెనక తాటాకింట్లో ఉండేది, ఆసుపత్రిలో కాన్పుల వార్డులో ఆయా. భర్త లేడు, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది, తక్కిన రోజుల్లో డ్యూటీ దిగి వచ్చాక నీళ్ళగాబు దగ్గర బట్టలుతుక్కుంటూనో, చేపలు తోముకుంటూనో కనిపించేది. చిట్టిగాడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో వాడికి మొదట నీళ్ళు పోసింది ఆవిడే. అది ఆసుపత్రి కాబట్టి మామ్మ ఏమీ అనలేదు. ఇంటికొస్తే మాత్రం ఆవిడకి మంచినీళ్ళు ఇవ్వడానికి చూరులో వేరే గ్లాసు ఉండేది, పిల్లాడి గిన్నె ఆవిడ కంట పడకూడదనేది, గడప ఇవతలికి ఆవిడ వచ్చిన రోజు ఒక్కటీ లేదు. నేను నా తల్లి వయసున్న ఆ మనిషిని "నువ్వు" అనే పిలిచేదాన్ని. ఎవరూ నేర్పలేదు, గాలిలోంచి వచ్చేసింది.

వైశాఖం వచ్చింది. ఇసకమీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండలు, మధ్యాహ్నం దాకా ఆకు కదలదు, మూడింటికి గోదారి మీంచి గాలి లేస్తే మొత్తం వీధి ఒక్కసారి నిట్టూర్చినట్టుండేది. బడికి సెలవులు. నా ఈడు పిల్లలంతా నీడపట్టున గవ్వలాడుతుంటే, నేను అమ్మ తలమీద తడిగుడ్డ మారుస్తూ, చిట్టిగాడి పేలికలు ఉతుకుతూ, వాణ్ణి చంకనేసుకుని తిరుగుతూ ఉండేదాన్ని. పిల్లల్లో పెద్దదాని అలసట నాకు అప్పుడే పరిచయమైంది. రాత్రి పడుకుంటే చంక నొప్పి పెట్టేది. ఆ సంగతి చెప్పుకోవడానికి తొమ్మిదేళ్ళ పిల్లకి మాటలుండవు.

ఒకరోజు పెసలు తేవడానికి మామ్మ అడవిపొలం బయల్దేరింది. గుమ్మంలో నిలబడి నాకు అప్పగింతలు పెట్టింది.

"వరాలూ, పన్నెండింటికి ఉగ్గు కలిపి పట్టు. పల్చగా కలుపు. ఆడు మింగేకే రెండోసారి పొయ్యి, తొందరపడకు. ఇంకేం పెట్టకు, ఇన్నావా?"

విన్నాను. మామ్మ వెళ్ళిన కాసేపటికి దరియాలతిప్ప వైపు నుంచి ముంజెలవాడు కావిడితో వచ్చాడు. అమ్మ తలగడ కింది చిల్లర తీసి నాలుగు కొనిపెట్టింది నాకు, కొని మళ్ళీ జ్వరం మగతలోకి జారిపోయింది. లోపలిగదిలో కాళ్ళు చాపుకుని, ముంజెల గిన్నె పక్కన పెట్టుకుని, చిట్టిగాడికి ఉగ్గు పట్టడం మొదలెట్టాను. వాడు ఒక గుటక మింగి రెండోది ఉమ్మేశాడు. మళ్ళీ పోస్తే మళ్ళీ ఉమ్మాడు. బయట నా స్నేహితురాళ్ళు పందెం మొదలుపెడుతున్న కేకలు వినిపిస్తున్నాయి. వాడు నా గిన్నె వైపు చెయ్యి చాపి నోరు చప్పరిస్తున్నాడు. ముంజె మెత్తగానే ఉంది కదా, పళ్ళతో పనేముంది, తింటే కడుపు నిండి పడుకుంటాడు కదా అనుకున్నాను. తొక్క గిల్లి, సగం ముంజె వాడి నోట్లో పెట్టాను.

అది సర్రున జారిపోయింది. చిట్టిగాడు ఏడవలేదు. దగ్గలేదు. కళ్ళు పెద్దవి చేసి నావైపే చూస్తూ, కాళ్ళు రెండుసార్లు తన్ని, నోరు తెరిచాడు, అందులోంచి చప్పుడే రాలేదు. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. లేవబోతే నా కాలు తగిలి ఉగ్గు ఒలికిపోయింది. వాణ్ణి ఎత్తుకుని ఆ గది పెరటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను, అంతే.

గాబు దగ్గరున్న మార్తమ్మ తలెత్తి చూసింది. చేతిలో చీర నేలమీద వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. గడప దాటింది. నా చేతుల్లోంచి వాణ్ణి లాక్కుని, అక్కడే చతికిలబడి, సబ్బు నురగ కారుతున్న ఎడమచేతి మీద వాణ్ణి బోర్లా వేసుకుని, దవడ కింద వేళ్ళు ఆన్చి, తల కిందికి ఉండేలా వంచి, వీపుమీద అరచేతి మొదలుతో గట్టిగా కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి ముంజె ముక్క నేలమీద పడింది, నీళ్ళు మెరుస్తూ, చెక్కు చెదరకుండా. ఆ వెంటనే చిట్టిగాడు ఏడుపు అందుకున్నాడు. అంత పెద్ద ఏడుపు వాడు పుట్టినప్పుడు కూడా ఏడ్చి ఉండడు.

సరిగ్గా అప్పుడే పెసల సంచీతో మామ్మ వచ్చింది. ఆవిడకి కనిపించింది ఇది: గడప లోపల మార్తమ్మ, ఆవిడ చేతిమీద తలకిందులుగా మనవడు, వాడి వీపు మీద ఎర్రటి వేళ్ళ అచ్చులు, ఒలికిపోయిన ఉగ్గు. ముంజె ముక్క ఆవిడకి కనిపించలేదు. నేను దానిమీద కాలు పెట్టాను.

"ఏం పెట్టేవే మా పిల్లోడికి?" అంది మామ్మ.

"నేనేం పెట్టలేదండి మామ్మగారు. గొంతుకి అడ్డం పడ్డాదండి, తీసేను."

"ఉగ్గు అడ్డం పడుద్దా? ఎవర్నడిగి లోపలికొచ్చేవు?"

"అడిగే టైము లేదండి."

మార్తమ్మ నావైపు చూసింది. ఎక్కువసేపు కాదు, ఒక్క క్షణం. నేను గోడవైపు చూశాను. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, పిల్లాణ్ణి మామ్మ చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది. మామ్మ ఆ పూట గదంతా పసుపునీళ్ళతో కడిగింది, ఉగ్గుగిన్నె చింతపండు పెట్టి మూడుసార్లు తోమింది, ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి తిప్పి పొయ్యిలో వేసింది, వేస్తూ వేస్తూ మార్తమ్మని తిట్టింది, పెరటి వెనక ఇంటికి వినపడేంత గట్టిగానే. ఆవిడ పసుపు కలపడానికి వెళ్ళినప్పుడే నేను కాలికింద ముక్కనీ, గిన్నెలో మిగిలిన ముంజెల్నీ ఎవరూ చూడకుండా తీసి వీధి కాలవలో పారేశాను.

మూడు రోజులు మోశాను ఆ మాటని. నాలుగోరోజు మామ్మ తిరగలి ముందు కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మామ్మా, ఆరోజు ముంజె నేనే పెట్టేను. మార్తమ్మ తీసింది."

తిరగలి ఆగింది. మామ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఎంత ముక్క?" అంది.

వేళ్ళతో చూపించాను. ఆ వేళ్ళ మధ్య ఖాళీని ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత లేచి, ఉగ్గు కలిపి నాచేతికిచ్చి, చిట్టిగాణ్ణి ఎత్తుకుని, పట్టపగలు, వీధి చూస్తుండగా మార్తమ్మ ఇంటికి నడిచింది. నేను ఉగ్గుగిన్నెతో వెనకాల. మార్తమ్మ డ్యూటీ చీర మడతలు పెట్టుకుంటోంది.

"మార్తా, పిల్లోడికి నువ్వు పట్టు. నా చెయ్యి వణుకుతుంది" అంది మామ్మ. అంతకన్నా పెద్దమాట ఆవిడ జీవితంలో అనలేదు, అనగలిగే మనిషీ కాదు.

మార్తమ్మ లేచి నిలబడింది కానీ చెయ్యి చాపలేదు. "ఇప్పుడు కాదండి మామ్మగారు. డ్యూటీకెళ్ళాలండి. ఆడు బాగున్నాడా అండి?"

"బాగున్నాడు."

"చాలండి."

మేం తిరిగి వచ్చేశాం. ఆ తర్వాత ఆవిడ మా పెరట్లోకి రాలేదు. వానలొచ్చాయి, గోదారి ఎర్రబడింది, అమ్మ కోలుకుంది, నాన్న వచ్చి వెళ్ళారు, కార్తీకం కూడా వెళ్ళింది. చిట్టిగాడికి నడక వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం వాడు తప్పటడుగులు వేసుకుంటూ పెరడు దాటి, ఎవరూ పిలవకుండానే, మార్తమ్మ అన్నం తింటున్న చోటికి వెళ్ళి ఆవిడ కంచం ముందు కూర్చున్నాడు. ఆవిడ మా గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో మామ్మ నిలబడి ఉంది. మామ్మ పిలవలేదు, లోపలికీ వెళ్ళలేదు. మార్తమ్మ చేపముక్కలో ముళ్ళు ఒక్కొక్కటే ఏరి, వేళ్ళతో మెత్తగా నలిపి, వాడి నోట్లో పెట్టింది. పదేళ్ళొచ్చేదాకా వాడు ఒకపూట అక్కడే తిన్నాడు.

నేను మాత్రం ఆ సంగతి గురించి ఆవిడతో నోరు విప్పింది పదిహేనేళ్ళ తర్వాత, సౌమ్యకి ఆరో నెల వచ్చినప్పుడు. అప్పటికి "మీరు" అనడం నేర్చుకున్నాను. ఆరోజు గోడవైపు చూసినందుకు ఏదో చెప్పబోతే ఆవిడ మధ్యలోనే ఆపింది.

"చిన్నదానివమ్మా, తొమ్మిదేళ్ళు. నాకు తెల్దా." కోపం లేకుండానే అంది, "అయినా చెప్పుంటే బాగుండేదమ్మా." ఆ తర్వాత సౌమ్యని తన ముంజేతిమీద బోర్లా వేసి, ఎక్కడ కొట్టాలో నాకు చూపించింది. "ఏడుపొస్తే బయపడకు. ఏడుపు రాపోతే బయపడు."

మార్తమ్మ పోయి ఆరేళ్ళయింది. చిట్టిగాడు, ఇప్పుడు నలభై దాటినవాడు, కాకినాడ నుంచి వచ్చి ఆవిడ శవపెట్టె మోశాడు. అంతకు చాలా ముందే మామ్మ పోయింది, తిరగలి ఎవరో పట్టుకుపోయారు, ఉగ్గుగిన్నె కరిగించి సౌమ్యకి మువ్వలు చేయించాం. ముంజెలు ప్లాస్టిక్ కవర్లో వస్తున్నాయి. వీటికి నేను పెద్దగా బాధపడను. మిషను కూడా మంచిదే, నా చేతులకి శ్రమ తగ్గింది. కానీ ఇప్పుడు మా ఇంటికీ వెనకింటికీ మధ్య నిలువెత్తు గోడ ఉంది, దానిమీద గాజుపెంకులున్నాయి. ఆ ఇంట్లో ఎవరుంటున్నారో, ఏం ఉద్యోగమో నాకు తెలియదు. వీధిలో అన్ని తలుపులూ వేసి ఉంటాయి, లోపల ఏసీ తిరుగుతుంటుంది.

ఇవాళ పాపకి మొదటిసారి అన్నం పెట్టాను. పెసరకట్టుతో మెత్తగా మెదిపి, బెల్టు పెట్టి కూర్చోబెట్టి, చెంచా చెంచాకీ గొంతు కదలడం చూస్తూ. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న సౌమ్య వీధితలుపు బార్లా తీసి ఉండడం చూసి విసుక్కుంది.

"అమ్మా, ఏసీ వేసి తలుపు తీసేవేంటి? దోమలొస్తాయి."

"ఇది తినేదాకా ఉండనీయవే" అన్నాను.