అన్నం కింద ఫిల్ము చుట్ట

మా అమ్మాయి గోళ్లరంగు చెరుపుకునే సీసా మూత తీసినప్పుడల్లా ఆ వాసనకు నాకు మా బాపు వేళ్లు గుర్తొస్తాయి. వరంగల్‌లో ఓ పాత టాకీసులో ఆయన ఆపరేటరు. తెగిన ఫిల్మును అతికించే జిగురు వాసన ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోయేది కాదు, ఆ చేత్తో కలిపిన మామిడికాయ పప్పన్నం ముద్ద కూడా అదే వాసన వేసేది, అయినా నాకు ఆ ముద్దే కావాలి.

అక్కడ పొద్దుటాట పెద్దలకు మాత్రమే. మొహాలకు తువ్వాళ్లు చుట్టుకుని వచ్చేవాళ్లు. సెన్సారు సర్టిఫికెట్ తెర మీద దర్జాగా పడేది. ఆట మధ్యలో సెన్సారు ఒప్పుకోని ముక్కను, జనం 'బిట్టు' అనేదాన్ని, ఓనరు బాపు చేత అతికింపజేసేవాడు. కాదంటే పని ఊడుతుంది. మా కాశిబుగ్గ చర్చిలో ఎవరైనా బాపు పనేంటని అడిగితే అమ్మ "కరెంటు పని" అనేది. అబద్ధమంటే ఆమెకు నిప్పు ముట్టినట్టే, ఇది సగం నిజమే కదా అని సర్దుకునేది.

ఒక ఎండాకాలం బాపుకు సద్ది తీసుకుని అమ్మా నేనూ టాకీసు వెనక మెట్ల కింద నిలబడ్డాం. గేటు దగ్గరి బెల్లు ఆగకుండా మోగింది. చెకింగ్ వచ్చిందనడానికి అది గుర్తు. బాపు మెట్ల మీద జారి, లేచి, పిడికెడు ఫిల్ము చుట్ట అమ్మ చేతిలో పెట్టాడు.

"జర దాయవే, దొరికితే నన్ను జైల్ల ఏస్తరు."

అమ్మ కారేజీ గిన్నె అడుగున చుట్టను పెట్టి పైన అన్నం కప్పింది. మూత పెట్టిందో లేదో, కానిస్టేబులు వచ్చాడు.

"ఏందమ్మా అండ్ల?"

"అన్నం సారూ."

"అన్నమేనా? బిడ్డ మీద ఒట్టెయ్."

ఒట్టు పెట్టుకోవద్దన్నది మాకు బైబిల్ మాట. అమ్మ ఆటల్లో కూడా మమ్మల్ని ఒట్టు వేయనిచ్చేది కాదు. ఆమె చెయ్యి నా తల మీదికొచ్చింది. ఏడిస్తే బాపును పట్టుకుపోతారని పళ్లు బిగబట్టాను.

"ఒట్టు" అంది అమ్మ. అతను వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి బిట్టును పొయ్యిలో వేసింది. ఆ వారమే నాకు జ్వరమొస్తే మంచం పక్కన ప్రార్థన చేస్తూ అమ్మ మోకాళ్ల మీద నుంచి లేవలేదు. బాపు ఇక బిట్లు అతికించనన్నాడు, ఓనరు ఇక రావద్దన్నాడు. ఆ తర్వాత బాపు బతికినన్నాళ్లూ ఆటో తోలాడు.

ఇప్పుడు టాకీసు స్థలంలో బట్టల షాపు ఉంది. రీళ్లు లేవు, అతికించే జిగురూ లేదు. సెన్సారు ఒప్పుకోనిదంతా జేబులోని ఫోన్లోనే దొరుకుతుంది, బెల్లు కొట్టి ఎవరినీ హెచ్చరించాల్సిన పని లేదు. నాకు యాభై దాటాయి, గుండ్రాయిలా ఉన్నాను.

"నాకేం గాలే గదనే అమ్మా, దేవుడు ఎప్పుడో మాఫ్ చేసిండు" అంటాను.

"నిన్ను సల్లగ సూసిండు బిడ్డా, గది సాలు" అంటుంది.

నెలకో ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది, పాపం మోస్తున్నవాళ్లు ఆ రొట్టె తినకూడదంటారు. రొట్టె పళ్లెం మా వరస వెంట వస్తుంది. అమ్మ దాన్ని రెండు చేతులా అందుకుని, ముక్కైనా తీసుకోకుండా, నాకు అందిస్తుంది.