కలాసీల భుజాల మీద మా బావ

మా బావ పోయిన కబురు నాకంటే ముందు ఆయన ఓడలోని కలాసీలకు తెలిసింది. అక్కడే నాకు కడుపు మండింది. ఆయన నా సొంత అక్కకు భర్త. మత్రా అనే ఈ అరబ్బు రేవులో నేను ఆసుపత్రి డ్యూటీలో ఉండగా, బావ పనిచేసిన సరుకుల ఓడ కెప్టెను, వాళ్లు నాఖుదా అంటారు, వార్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఉస్తాద్ గయా," అన్నాడు. మీ మేస్త్రి పోయాడు, అని. పొద్దున టీ తాగుతూ ఒరిగిపోయాడట. చివరిగా ఆయన నోట్లో నీళ్లు పోసింది కూడా ఆ కలాసీలే.

సహోదరులారా, రోషమంటే ఏమిటో వాక్యం చదివే మీకు నేను చెప్పనక్కర్లేదు. నా రోషం ఏ మనిషి మీదా కాదు, ఒక చెక్క ఓడ మీద.

బావ తాళ్లరేవు ఓడల వడ్రంగి. కొత్త రేవులో క్రేన్లు లేచి, స్టీమర్లు వరస కట్టిన రోజుల్లో కూడా ఆ ఓడ సిమెంటు, ఖర్జూరం మోస్తూనే ఉంది. ఆటుకు నీళ్లు తీసినప్పుడు దాన్ని ఇసకమీద పక్కకు ఒరగబెట్టి, అడుగు గీకి, పలకల సందుల్లో నూనెలో నానిన దూది దిగ్గొట్టాలి. పోటు వచ్చేలోగా పని తెమలాలి. మా ప్రార్థన కూడిక శుక్రవారం. సరిగ్గా శుక్రవారమే దాని అడుగు కారేది!

"బావా, ఈ వారమైనా రా. నర్సమ్మలందరూ నిన్ను అడుగుతున్నారు."

"దీన్నిలా ఒదిలేసి ఎలా వచ్చేదిరా బామ్మర్దీ? పోటొచ్చేత్తంది."

"మరి నీ ఆత్మ మునిగిపోతేనో?"

"నీ నోట్లోంచొచ్చే గాలికి అదే తేలతాదిలే."

కలాసీలకు తెలుగు ముక్క రాదు. అయినా నవ్వారు.

ఒకసారి మాత్రం వచ్చాడు. సాక్ష్యం చెప్పమన్నాను. రక్షణ మాట ఎత్తుతాడనుకుంటే ఓడ మాట ఎత్తాడు. గాలి తిరిగితే దాని కీళ్లు ఎలా మూలుగుతాయో, ఏ పలక ఎందుకు అలుగుతుందో చెప్పుకుపోయాడు. నోవహు మీద నేను గొంతు చించుకుంటుంటే కునికిపాట్లు పడిన నిజామాబాద్ మేస్త్రీలు ముందుకు జరిగి కూర్చున్నారు. "ఇంకోటి చెప్పే అన్నా, మంచిగున్నది," అన్నారు. నోవహు ఓడకు కొలతలిచ్చింది సాక్షాత్తూ దేవుడు. అయినా ఆ పూట గెలిచింది బావ ఓడే.

నా ప్రసంగానికి బల్ల చేసి పెట్టింది కూడా ఆయనే. "ఎంత గుద్దినా ఊగదురా, నీ ఇష్టం," అన్నాడు. నిజంగానే ఊగలేదు. ఆ మేలు ఎలా మరిచిపోను?

తరువాత ఒక నైరుతి గాలికాలంలో, సూర్ రేవు దాటాక ఆ ఓడ రాతికి తగిలి విచ్చిపోయింది. బావతో సహా మనుషులంతా తలో పలక పట్టుకుని గట్టెక్కారు. పౌలు ఎక్కిన ఓడ బద్దలైనప్పుడు జరిగింది ఇదే కదా! పుస్తకంలో ఆ చోట వేలు పెట్టుకుని బావ రూమ్‌కి పరిగెత్తాను. ఇక ఆయన నావాడే అనుకున్నాను.

"స్తోత్రం చెప్పు బావా! ఒక్క ప్రాణం పోలేదు!"

బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"మాకంటే ఈతొచ్చురా. దానికి రాదు కదా," అన్నాడు.

పుస్తకంలోంచి వేలు తీసి, దాన్ని మూసేశాను. అప్పటినుంచి ఆయన ప్రతి శుక్రవారం వచ్చాడు. రేవు కనబడే కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఆమెన్ అనాల్సిన చోట ఆమెన్ అనేవాడు. ఓడ తేలుతున్నప్పుడు తిట్టిపోశాను, మునిగాక దాన్ని ఏమని తిట్టను? మునిగి కూడా అది బావను నాకు వదల్లేదు.

ఇక్కడ మనవాళ్లను పాతిపెట్టే చోటు కొండల నడుమ ఒక చిన్న తీరం. పడవ మీదే పోవాలి. శవపెట్టెను మేమే, అంటే బావమరిదినైన నేనూ ఆసుపత్రి సహోదరులూ మోస్తామన్నాను. నాఖుదా సరేనన్నాడు. తెడ్లు మాత్రం కలాసీలు పట్టారు. తీరం దగ్గర అలలు లేచాయి, పడవ ఒడ్డుదాకా పోలేదు. కలాసీలు నీళ్లలోకి దూకి పెట్టెను భుజాలకెత్తుకున్నారు. నేనూ దిగి ఒక మూల పట్టుకోబోయాను. కాలు జారింది.

"కితాబ్ సంభాలో, భాయ్," అన్నాడు నాఖుదా. నీ పుస్తకం చూసుకో, అని.

పరిశుద్ధ గ్రంథం నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్లలో వెనకాల నడిచాను. ముందు వాళ్ల భుజాల మీద మా బావ. అల వచ్చినప్పుడల్లా వాళ్లంతా ఒక్కసారే పెట్టెను పైకి లేపి, అల దాటాక మెల్లగా దించుకుంటున్నారు. నేను నిలువెల్లా తడిశాను. పెట్టెకు చుక్క నీరు తగల్లేదు.