తొట్టిలో కొండరేగు

2022. హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతూ, పెనుకొండ కొండవాలు మీది రేగుపొదల మీద పరిశోధన చేస్తున్నాను. "ముళ్ళకంపకు కూడా పరిశోధనా?" అని స్టాఫ్‌రూములో నవ్వారు. వాళ్ళకు గట్టిగానే జవాబిచ్చాను. పాఠకులకు కాస్త మర్యాదగా చెబుతాను.

పైన రాతినేలలో కొండరేగు తొలి వానకే పూస్తుంది. కింద తోటల్లో పెద్దరేగు తడి చూసుకుని తీరిగ్గా పూస్తుంది. పూతకాలాలు కలవవు కనుక, చుట్టాలే అయినా తరతరాలుగా జన్యువుల్లో దూరమయ్యాయి. దీన్నే జెనెటిక్ డైవర్జెన్స్ అంటాం. తోటల డ్రిప్ పైపులు కొండ అడుగుదాకా వచ్చాక, ఆ తడికి అంచునున్న కొండరేగు పొదలు ఎక్కువకాలం పూయసాగాయి. ఈగలు రెండింటి పుప్పొడినీ కలిపాయి. అదే హైబ్రిడైజేషన్, సంకరం.

ఆ చలికాలం ధర్మవరంలో మగ్గం నేసే సరోజమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళ అమ్మాయి భాను బడిపిల్లలతో కొండకు వెళ్ళి, అంచు పొదలో పండ్లు కోసుకొచ్చి, ఒక గింజను ఇంటి ముందు సిమెంటు తొట్టిలో పెట్టిందట. ఆ తర్వాత జ్వరమొచ్చి భాను చనిపోయింది. మొక్క ఇప్పుడు తొలికాపు కాసింది.

"తిని సూడండి మేడం. తియ్యగుండాది. మా పాప తెచ్చింది మొగం ముడుసుకునేంత పులుపు. ఇది ఆ సెట్టేనా, కాదా?"

ఆమె చేత ఆ మొక్క ఆకు ఒకటి తెప్పించి, నా శాంపిళ్ళతో పాటు బెంగళూరు ల్యాబుకు పంపాను. తల్లి కొండరేగు, పుప్పొడి తోటది అని తేలింది. ఫోనులో అదే చెప్పాను.

"అయితే సగం కొండదే కదా. నీళ్ళు తగ్గిస్తే పులుపు వస్తాదా?"

"రాదు. కొండమీద వేరు తడి కోసం రాళ్ళ సందుల్లో లోతుకు పోతుంది, అందుకే నీళ్ళు పోయకున్నా బతుకుతుంది. తొట్టిలో యాడికి పోతుంది? నీళ్ళు మానొద్దు సరోజమ్మా, చస్తుంది."

"సరే మేడం."

ఎండాకాలంలో ఇంకో ఆకు కోసం ధర్మవరం వెళ్ళాను. తొట్టిలో ఎండుకట్టె నిలబడి ఉంది. గోటితో గీరాను. బెరడు కింద పచ్చదనం లేదు.

"నేను చెప్పలేదా?" అని అరిచాను.

"సెప్తిరి," అంది మగ్గం గుంటలోంచి లేవకుండానే. "తల్లి గుణం ఉండాది కదా, నీళ్ళు లేకున్నా ఓర్సుకుంటాదిలే అనుకుంటి. ఆ పులుపు ఒక్కసారి నోట్లో పడితే సాలనుకుంటి మేడం."

కొండమీద అచ్చమైన కొండరేగు ఇంకా ఉంది, గింజలు తెచ్చిస్తానన్నాను.

"అవి మా పాప పెట్టినవి కాదు గదా."

గుణం సగం ఉన్నా, దాన్ని నిలిపే నేల లేకపోతే దక్కదు. సంకరం మొక్క గట్టిదని క్లాసులో ఎవరైనా అప్పజెబితే, "ఏ నేలలో?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా కూర్చోనివ్వను.